డైరెక్టర్ అసలు ఏం చేస్తాడు?

షూటింగ్ చూడటానికి మొదటిసారి వెళ్లిన ఎవరికైనా కాసేపటికి ఒక అనుమానం వస్తుంది. నటించేది నటులు. కెమెరా దగ్గర ఉండేది కెమెరామన్. లైట్లకి, సెట్‌కి, బట్టలకి, మేకప్‌కి, సౌండ్‌కి ఒక్కోదానికి ఒక్కో మనిషి ఉన్నాడు. కథ, మాటలు ఎవరో ఎప్పుడో రాసి ఇచ్చేశారు. తర్వాత ఎడిటింగ్ రూములో కూర్చుని కత్తిరించేది ఇంకొకరు, రీరికార్డింగ్ చేసేది మరొకరు. మరి మానిటర్ ముందు కుర్చీలో కూర్చుని మధ్యమధ్యలో "ఇంకో టేక్" అనే ఈ మనిషి స్వయంగా చేసే పని ఒక్కటీ కనపడదేం? 24 క్రాఫ్ట్స్ అంటాం, అందులో డైరెక్షన్‌ని కూడా ఒకటిగా లెక్కేస్తాం, కానీ మిగతావాళ్ల పని తెర మీద వేలు పెట్టి చూపించగలం, దీన్ని చూపించలేం. అయినా సినిమా ఆడితే పేరు ఆయనదే, పోతే తిట్లూ ఆయనకే.

"కెప్టెన్ ఆఫ్ ది షిప్" అనే మాట ఒకటుంది, ప్రతి సినిమా ఫంక్షన్‌లోనూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆ మాట వల్ల నాకెప్పుడూ ఏమీ అర్థం కాలేదు. నాకు ఈ ఉద్యోగం ఏంటో కాస్త తెలిసింది ఒక పాత సినిమా గురించి దాని దర్శకుడే రాసిన వివరాలు చదివాక.

ఆయన పేరు సిడ్నీ లూమెట్, సినిమా 1957లో వచ్చిన '12 యాంగ్రీ మెన్'. ఒక హత్య కేసులో పన్నెండు మంది జ్యూరీ సభ్యులు గదిలో కూర్చుని, నిందితుడైన కుర్రాడు దోషా కాదా అని వాదించుకుంటారు, అంతే కథ. గంటన్నర పైచిలుకు సినిమా, దాదాపు మొత్తం ఆ ఒక్క గదిలోనే. పైగా లూమెట్‌కి అదే మొదటి సినిమా. ఒకే గది అంటే జనానికి బోరు కొడుతుందేమో అనే భయం ఎవరికైనా ఉంటుంది, ఎలాగోలా బయటి సీన్లు నాలుగు ఇరికిద్దాం అనిపిస్తుంది. లూమెట్ దానికి పూర్తిగా తిరగేసి ఆలోచించాడు: గది చిన్నదైతే దాన్ని ఇంకా చిన్నది చేసేద్దాం.

ఎలాగంటే, సినిమాని మూడు భాగాలుగా అనుకుని, మొదటి భాగమంతా కెమెరాని మనుషుల కంటి ఎత్తుకన్నా పైన పెట్టాడు, రెండో భాగంలో కంటి ఎత్తుకి దించాడు, మూడో భాగంలో అంతకన్నా కిందికి తెచ్చాడు. దాంతో పాటు లెన్సులు కూడా మారుస్తూ పోయాడు. మొదట్లో వైడ్ (ఎక్కువ వెడల్పు చూపించేవి), పోనుపోను లాంగ్. లాంగ్ లెన్స్ పెడితే వెనకున్న గోడ ముందుకి జరిగినట్టు కనపడుతుంది, ఇద్దరు మనుషుల మధ్య ఖాళీ తగ్గిపోయినట్టు ఉంటుంది. చివరి భాగం కింది నుంచి తీయడంతో గది పైకప్పు కూడా ఫ్రేములోకి వచ్చేసింది. అంటే నాలుగు గోడలు దగ్గరికి జరిగి, నెత్తి మీద మూత పెట్టినట్టయింది. చిట్టచివర వాళ్లు కోర్టు బయటికి వచ్చే షాట్ మాత్రం వైడ్ లెన్స్‌తో పై నుంచి తీశాడు, అప్పటిదాకా మనం బిగపట్టిన ఊపిరి వదలడానికి.

నేను ఆ సినిమా మొదటిసారి చూసినప్పుడు ఇందులో ఒక్కటీ గమనించలేదు. ఉక్కపోతగా మాత్రం అనిపించింది. కథలో ఎండాకాలం, ఫ్యాను చాలాసేపు పనిచేయదు, అందరూ చెమటలు తుడుచుకుంటూ ఉంటారు, అందుకే అలా ఉంది కాబోలనుకున్నా.

ఇందులో నాకు లెన్సుల కన్నా ముఖ్యంగా తోచింది ఇంకొకటి. లైటింగ్ మార్చడం చాలా టైం తినే పని కాబట్టి, గదిలో ఒక వైపుకి లైట్లు పెట్టాక, సినిమాలో ఎక్కడెక్కడ వచ్చేవైనా సరే ఆ వైపు షాట్లు వీలైనన్ని ఒకేసారి తీసేశారట. దాంతో ఒకడు కోపంగా అరిచే షాట్ ఇవాళ తీస్తే, ఎదుటివాడు దానికిచ్చే జవాబు రోజుల తర్వాత తీయాల్సి వచ్చింది. సినిమాలన్నీ ఎంతో కొంత ఇలాగే ముక్కలు ముక్కలుగా, వరస లేకుండా తయారవుతాయి. అక్కడున్న ప్రతి ఒక్కరూ తమ చేతిలోని ముక్క బాగా రావాలని చూస్తారు, అది వాళ్ల పని. కానీ ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి హాల్లో కూర్చున్నవాడికి ఎంత తెలిసి ఉంటుంది, ఎంత అలిసిపోయి ఉంటాడు, ఎవరి పక్షాన ఉంటాడు అన్నది ఒకరు తలలో పెట్టుకు తిరగాలి. సెట్‌లో లేని ఆ మనిషి తరఫున కూర్చున్నవాడే డైరెక్టర్. "ఇంకో టేక్" అనేది కూడా చాలాసార్లు నటుడు తప్పు చేశాడని కాదు, వెనకా ముందూ వచ్చేవాటితో ఈ టేక్ అతకదని.

ఈ అతకడం అనే సంగతి రష్యాలో వందేళ్ల కిందటే ఒకాయన పట్టుకున్నాడు. లెవ్ కులెషోవ్ అని, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కాలంలో కుర్ర దర్శకుడు. ఒక నటుడి ముఖం, అందులో చెప్పుకోదగ్గ భావమేమీ లేదు, దాన్ని తీసుకుని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటికలోని పిల్ల పక్కన, ఒకసారి అందమైన అమ్మాయి పక్కన అతికించి చూపించాడని చెబుతారు. చూసినవాళ్లు ఆహా ఆకలి ఎంత బాగా పలికించాడు, దుఃఖం ఎంత బాగా పలికించాడు అని ఆ నటుణ్ని మెచ్చుకున్నారట. మూడుసార్లూ ఉన్నది అదే ముఖం. ఆ ఫిల్ము ఇప్పుడు లేదు, దాని గురించి చెప్పినవాళ్ల మాటలు కూడా ఒకదానితో ఒకటి పూర్తిగా కలవవు, కాబట్టి జనం నిజంగా అంతలా మెచ్చుకున్నారా అనేది పక్కన పెట్టండి. దాని వెనకున్న విషయం మాత్రం ఎవరైనా ఫోనులో రెండు వీడియో ముక్కలు అతికించి పరీక్షించుకోవచ్చు. భావం ముఖంలో కన్నా రెండు షాట్ల మధ్య ఎక్కువ పుడుతుంది, దాన్ని పుట్టించేది మన బుర్రే. డైరెక్టర్ చేసేదల్లా ఏది పక్కన ఏది పెట్టాలో నిర్ణయించడం.

పక్కపక్కన పెట్టడం ఒక ఎత్తయితే, ఎవరికి ఏది ముందు తెలియాలి అన్నది ఇంకో ఎత్తు. దీన్ని ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ కన్నా సులువుగా చెప్పినవాళ్లు లేరు. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటున్నారు, హఠాత్తుగా బల్ల కింద బాంబు పేలింది. మనం ఉలిక్కిపడతాం, పదిహేను సెకన్ల పని. అదే సీను, బల్ల కింద బాంబు ఉందని మనకి ముందే చూపించి, పక్కన గడియారం కూడా చూపించి, తర్వాత ఆ ఇద్దరి చేత అవే సొల్లు కబుర్లు చెప్పించండి. ఇప్పుడు పదిహేను నిమిషాల టెన్షన్. మాటలు మారలేదు, బాంబు మారలేదు. మారిందల్లా ఒక్క సమాచారం మన దగ్గరికి వచ్చిన సమయం.

అదే హిచ్‌కాక్ 1960లో 'సైకో' తీసినప్పుడు దీన్ని ఎంత దూరం తీసుకెళ్లాడో చూస్తే కాస్త భయమేస్తుంది కూడా. (చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి.) ఆఫీసు డబ్బు నలభై వేల డాలర్లు కాజేసి పారిపోతున్న అమ్మాయి హీరోయిన్, మనం ఆమెతో పాటే కారులో వెళ్తుంటాం, ఆమె దొరికిపోకూడదని కోరుకుంటాం. సినిమా సగం కాకముందే ఆమెని బాత్రూములో చంపేస్తాడు. ఇప్పుడు మనం ఎవరితో ఉండాలి? ఆమె రాత్రికి దిగిన మోటెల్ నడిపే కుర్రాడు వచ్చి, గాభరాపడి, నెత్తురంతా కడిగి, శవాన్ని ఆమె కారులోనే పెట్టి బురదగుంటలోకి తోస్తాడు. కారు మునుగుతూ మునుగుతూ సగంలో ఆగిపోతుంది. ఆ క్షణంలో హాల్లో ఉన్నవాళ్లంతా ఏమనుకుంటారో తెలుసా? మునగవే బాబూ, మునిగిపో అని. పావుగంట కిందటిదాకా ఆమె పక్షాన ఉన్నవాళ్లమే ఆమె శవం ఎవరికీ దొరకకూడదని కోరుకుంటున్నాం. మనకెవరూ ఆ కుర్రాడు మంచివాడని ఉపన్యాసం ఇవ్వలేదు. అతను తుడుస్తుంటే కెమెరా అతని పక్కనే ఓపిగ్గా నిలబడింది, అంతే.

నాకు ఈ వ్యాసం మొత్తంలో చెప్పాలనున్నది ఇదే. దర్శకుడి ప్రభావం అనగానే మనవాళ్లు వెంటనే సందేశం గురించి మాట్లాడతారు, సినిమాలో మంచి చెప్పాడా, చెడు చెప్పాడా అని. సందేశం మనకి వినపడుతుంది కాబట్టి ఒప్పుకోవడమో కొట్టిపారేయడమో మన చేతిలో ఉంటుంది. ఎవరి పక్కన కూర్చోబెట్టాడు అన్నది వినపడదు. అందుకే పనిచేస్తుంది.

చూపించకపోవడం కూడా ఇందులో భాగమే. 'మాయాబజార్' మహాభారతంలోంచి పుట్టిన కథ, కానీ పాండవులు అందులో ఒక్కసారి కూడా తెర మీద కనపడరు. అభిమన్యుడు ఉంటాడు, ఘటోత్కచుడు ఉంటాడు, తండ్రులే ఉండరు. సినిమా ఎన్నిసార్లు చూసినా ఆ లోటు తెలియదు, ఎవరో చెప్తే తప్ప గుర్తురాదు కూడా. కె.వి.రెడ్డి ఆ కథని పెళ్లి ఇంటి వైపు నుంచి చూశాడు కాబట్టి వాళ్ల అవసరం రాలేదు. మనుషుల్ని తినే సొరచేప గురించి తీసిన 'జాస్' (1975)లో స్పీల్‌బర్గ్ దాన్ని చూపించకపోవడానికి కారణం ఇంత గొప్పదేమీ కాదు, ఉప్పునీళ్లలో యంత్రపు సొరచేప మాటిమాటికీ మొరాయించేది. చేప లేకుండా చేప సీన్లు తీయాలి. చేపకి తగిలించిన, నీళ్ల మీద తేలుతూ వచ్చే పసుపు పీపాలు, నీటి మట్టంలో కెమెరా, జాన్ విలియమ్స్ రెండు స్వరాల సంగీతం, వీటితో నెట్టుకొచ్చాడు. సొరచేపని సరిగ్గా చూడటానికి గంట పైన ఆగాలి. యంత్రం బాగా పనిచేసి ఉంటే అది మామూలు భూతం సినిమా అయ్యేదేమో.

ఇక్కడే ఒక చిక్కు. నేను పైన రాసిందంతా చదివితే అన్నీ ఒక్క మనిషే చేసినట్టుంది. కానీ 'జాస్' భయంలో సగం విలియమ్స్‌ది, ఇంకో పెద్ద వాటా ఎడిటర్ వెర్నా ఫీల్డ్స్‌ది, ఇద్దరికీ ఆ సినిమాకే ఆస్కార్లు వచ్చాయి. 'మాయాబజార్' వెన్నెల అనగానే కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే పేరు రావాల్సిందే. 'సైకో' బాత్రూం సీనుకి అసలు సంగీతమే వద్దన్నాడు హిచ్‌కాక్. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వినకుండా ఆ వయొలిన్ల అరుపులు రాసి వినిపించాడు, విన్నాక ఆయన మనసు మార్చుకున్నాడు. ఇవాళ ఆ సంగీతం లేని ఆ సీను ఊహించలేం. మరి అది ఎవరి సీను?

ఈ గొడవ పాతదే. 1954లో ఫ్రాంస్వా త్రూఫో అనే ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు 'కాయే దు సినెమా' అనే ఫ్రెంచి పత్రికలో పెద్ద వ్యాసం రాసి, రచయితల స్క్రిప్టుని తెర మీదికి ఎక్కించడమే పనిగా పెట్టుకున్న అప్పటి సినిమాల్ని చెడామడా తిట్టాడు. కవితకి కవి ఎలాగో సినిమాకి దర్శకుడు అలా కర్త కావాలన్నది ఆ పత్రికవాళ్ల పట్టు. 1962లో ఆండ్రూ సారిస్ అనే విమర్శకుడు దాన్ని అమెరికాకి తీసుకెళ్లి ఒక సిద్ధాంతంలా నిలబెట్టాడు, మరుసటి ఏడాదే పాలీన్ కేల్ అనే విమర్శకురాలు దాన్ని ఉతికి ఆరేసింది. ఒక దర్శకుడు ప్రతి సినిమాలో ఒకే పద్ధతి చూపిస్తే గొప్పవాడైపోతాడా, చేతకానివాడు కూడా అదే పని చేస్తాడుగా అని ఆమె వాదన. నాకు ఆమె మాటే సబబుగా ఉంటుంది. కానీ త్రూఫో వైపు కూడా ఒక బలమైన సాక్ష్యం ఉంది. అదేంటంటే, దర్శకుడి చేతిలోంచి నిర్ణయం లాగేసుకున్నప్పుడు ఏం జరుగుతుందో చూడటం.

'బ్లేడ్ రన్నర్' 1982లో విడుదలకి ముందు వేసిన షోలు జనానికి అర్థం కాలేదని, నిర్మాతల వైపు నుంచి హీరో చేత కథ వివరించే వాయిస్ ఓవర్ పెట్టించారు, చివర హీరో హీరోయిన్లు పచ్చని కొండల్లోకి హాయిగా వెళ్లిపోయే ముగింపు అతికించారు. ఆ కొండల షాట్లు కూడా ఈ సినిమావి కావు, కుబ్రిక్ అనే ఇంకో దర్శకుడు 'ద షైనింగ్' అనే తన సినిమాకి తీసి వాడకుండా వదిలేసినవి! 1992లో డైరెక్టర్స్ కట్ (దర్శకుడి ఉద్దేశానికి దగ్గరగా మళ్లీ కూర్చిన వెర్షన్) వచ్చినప్పుడు వాయిస్ ఓవర్ పోయింది, ఆ ముగింపు పోయింది, కొన్ని సెకన్ల పాటు ఒంటికొమ్ము గుర్రం పరిగెత్తే కల ఒకటి వచ్చి చేరింది. ఆ ఒక్క కలతో, మరమనుషుల్ని వేటాడే హీరో తనే మరమనిషేమో అన్న అనుమానం సినిమా అంతా పాకింది. దర్శకుడు రిడ్లీ స్కాట్ పూర్తిగా తన ఇష్టప్రకారం చేసుకున్న వెర్షన్ 2007లో గానీ రాలేదు. అవే నటులు, అదే సెట్లు, దాదాపు అదే ఫుటేజీ. చేతులతో చేసిన పనులన్నీ అలాగే ఉన్నాయి, ఏది ఉంచాలి ఏది తీసేయాలి అన్న నిర్ణయం మారింది, సినిమా వేరే సినిమా అయింది.

అలా లాగేసుకున్నప్పుడు నా పేరు తీసేయండి అని అడిగే హక్కు కూడా హాలీవుడ్‌లో ఉంది. 1960ల చివర్లో మొదలై 2000 దాకా అలాంటి సినిమాలకి "ఆలన్ స్మితీ" అనే లేని మనిషి పేరు వేసేవాళ్లు. ఈ తమాషా మీదే 1997లో ఒక సినిమా తీస్తే, దాని దర్శకుడు ఆర్థర్ హిల్లర్‌కి ఎడిటింగ్ దగ్గర గొడవొచ్చి తన పేరు తీయించుకున్నాడు, అదీ ఆలన్ స్మితీ ఖాతాలోకే పోయింది. కావాలని రాసినా ఇంత కుదరదు.

సరే, హాలు బయట ఏం జరుగుతుంది? హీరో సిగరెట్ తాగితే కుర్రాళ్లు తాగుతారు లాంటి చర్చ మనకి బాగా అలవాటు. 'శివ' వచ్చాక సైకిల్ చైన్ అనగానే అందరికీ ఒకే షాట్ గుర్తొచ్చేది. ఇలాంటి అనుకరణ కళ్లకి కనపడుతుంది కాబట్టి దాని మీదే ఎక్కువ మాట్లాడతాం. కనపడనిది ఇంకా లోతుగా వెళ్తుంది.

1915లో డి.డబ్ల్యు. గ్రిఫిత్ అనే అమెరికా దర్శకుడు 'ద బర్త్ ఆఫ్ ఎ నేషన్' తీశాడు. అటు ఆపదలో చిక్కుకున్న తెల్లజాతి కుటుంబం, ఇటు వాళ్లని కాపాడటానికి గుర్రాల మీద దూసుకొస్తున్న ముసుగుల కు క్లక్స్ క్లాన్ (నల్లజాతివాళ్ల మీద దాడులు చేసిన తెల్లజాతి ముఠా), అటొక షాట్ ఇటొక షాట్ మార్చి మార్చి చూపిస్తూ వేగం పెంచుకుంటూ పోయాడు. త్వరగా చేరాలి, త్వరగా చేరాలి అని చూసేవాళ్ల గుండె కొట్టుకుంటుంది, చేరేది ఎవరన్నది ఆ వేగంలో పక్కకి పోతుంది. నల్లజాతివాళ్లని అంత నీచంగా చూపించినందుకు ఆనాడే నిరసనలు జరిగాయి, నల్లజాతివాళ్ల హక్కుల కోసం పనిచేసే ఎన్ఏఏసీపీ సంస్థ గట్టిగా పోరాడింది. అదే ఏడాది చివర్లో, ఎప్పుడో అంతరించిన క్లాన్‌ని అట్లాంటా దగ్గర మళ్లీ మొదలుపెట్టారు, ఈ సినిమాని చూపించి సభ్యుల్ని చేర్చుకున్నారు. ఇంకో విడ్డూరం ఏంటంటే, శిలువని తగలబెట్టడం పాత క్లాన్ ఆచారమే కాదు. అది ఆ సినిమాకి ఆధారమైన నవలలో కల్పన, తెర మీద చూశాక కొత్త క్లాన్ నిజంగా చేయడం మొదలుపెట్టింది.

సోవియట్ దర్శకుడు ఐజెన్‌స్టీన్ 'బ్యాటిల్‌షిప్ పొటెమ్కిన్' (1925)లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలోని ఒడెస్సా నగరం మెట్ల మీద జార్ సైనికులు జనాన్ని కాల్చుకుంటూ దిగే సీను ఉంటుంది, దొర్లిపోయే పిల్లాడి తోపుడుబండితో సహా. 1905లో ఆ నగరంలో కాల్పులు జరిగిన మాట నిజం, ఆ మెట్ల మీద ఆ విధంగా జరగలేదు. కానీ ఇప్పుడు 1905 ఒడెస్సా అంటే ప్రపంచానికి ఆ మెట్లే. వాటి పేరు కూడా పొటెమ్కిన్ మెట్లే అయింది.

మంచికి పనిచేసినవీ ఉన్నాయి. ఎరల్ మోరిస్ 1988లో 'ద థిన్ బ్లూ లైన్' అనే డాక్యుమెంటరీ తీశాడు, అమెరికాలో ఒక పోలీసు హత్య కేసులో శిక్షపడిన మనిషి గురించి. సాక్షులు ఒక్కొక్కరు చెప్పినదాన్ని నటులతో మళ్లీ మళ్లీ తీసి చూపించాడు, ప్రతిసారీ ఏదో ఒకటి మారుతూ. ఇదే నిజం అని ఎక్కడా గొంతు చించుకోలేదు. చూసేవాళ్లకే ఆ సాక్ష్యాలు పొసగవని తోచింది. సుమారు పన్నెండేళ్లు జైల్లో ఉన్న ఆ మనిషి మరుసటి ఏడాది బయటికొచ్చాడు. గ్రిఫిత్ మనకి ఆలోచించే సమయం లేకుండా చేశాడు, మోరిస్ అదే సీను దగ్గరికి ఐదారుసార్లు తీసుకెళ్లి నిలబెట్టాడు. ఇద్దరి చేతిలోనూ ఉన్నవి అవే పనిముట్లు, షాట్లూ కట్లూ.

దర్శకుడు అనుకోనివి కూడా జరుగుతాయి. 'జాస్' తర్వాత సొరచేపల వేట పెరిగిందని, వాటి సంఖ్య పడిపోవడంలో తన సినిమా పాత్ర ఉందని బాధపడుతున్నానని స్పీల్‌బర్గ్ 2022లో ఒక రేడియో ఇంటర్వ్యూలో చెప్పాడు. మూల నవల రాసిన పీటర్ బెంచ్‌లీ అయితే తర్వాతి జీవితంలో చాలా భాగం సముద్రాల్నీ సొరచేపల్నీ కాపాడమని చెప్పడానికే ఖర్చుపెట్టాడు. ఆడని యంత్రం వల్ల పుట్టిన భయం అది.

ఇదంతా ఒకవైపు నుంచే సాగే వ్యవహారం అనుకుంటే పొరపాటు. ప్రేక్షకుడు కూడా ప్రతి సినిమాతో కొంత నేర్చుకుని, తర్వాతి దర్శకుడి పని కష్టం చేస్తాడు. 1960లో ఫ్రెంచి దర్శకుడు గొదార్ 'బ్రెత్‌లెస్'లో మాట మధ్యలో, కారు ప్రయాణం మధ్యలో ఫిల్ము తెగిపోయినట్టు షాట్లు గెంతించాడు, చాలామందికి అది తప్పులా కనపడింది. ఇవాళ ఫోను ముందు కూర్చుని మాట్లాడే ప్రతివాడి వీడియోలోనూ అవే గెంతులు, ఎవరూ గమనించను కూడా గమనించరు. 'సైకో' అప్పట్లో అమెరికాలో జనం సినిమాకి ఎప్పుడు పడితే అప్పుడు, మధ్యలో కూడా వెళ్లి కూర్చునేవాళ్లు. హీరోయిన్ సగంలోనే పోయే సినిమాకి అలా వస్తే ఎలా అని, మొదలయ్యాక ఎవర్నీ లోపలికి వదలొద్దని హిచ్‌కాక్ థియేటర్లకి షరతు పెట్టాడు. జనం బయట లైన్లలో నిలబడి మరీ చూశారు.

1998లో గస్ వాన్ శాంట్ అనే దర్శకుడు అదే 'సైకో'ని రంగుల్లో మళ్లీ తీశాడు, దాదాపు షాట్‌కి షాట్ అలాగే. అదే స్క్రిప్టు, కెమెరా చాలావరకు అక్కడే, హెర్మన్ రాసిన సంగీతమే మళ్లీ వాయించారు. విమర్శకులు పెదవి విరిచారు, డబ్బులూ రాలేదు. తేడా ఎక్కడొచ్చిందని జనం ఇప్పటికీ వాదించుకుంటారు, నటులు కుదరలేదని కొందరు, రంగులు చెడగొట్టాయని కొందరు. ఈసారి ఆ అమ్మాయి స్నానానికి వెళ్లి తెర లాగేసరికి, హాల్లో ఉన్నవాళ్లంతా ఏం జరగబోతోందో తెలిసి ముందే సర్దుకుని కూర్చున్నారు.